నీళ్లు వదిలే క్షణం

నాలుగో అంతస్తులో లిఫ్ట్ ఎక్కినప్పుడు ఆయన బతికే ఉన్నాడు. కింద తలుపు తెరుచుకునేసరికి లేడు.

అప్పుడు బుధవారం ఉదయం తొమ్మిదీ పది. ఆయనతోపాటు లిఫ్ట్ ఎక్కిన ఇంకొక మనిషి రెండో అంతస్తులో దిగిపోయాడని తర్వాత తెలిసింది. ఆ మనిషి ముఖం ఎవరికీ గుర్తులేదు. డాక్టర్ వచ్చి గుండెపోటని రాసి వెళ్లాడు. మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట ఉన్న ఎర్రచుక్కని దోమకాటు అనుకున్నాడు.

ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని బాబాయి అనేవారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేసింది ఒకటే పని. ఏదైనా గట్టి వస్తువు నీళ్లలో పడితే నీళ్లు దాన్ని ఎంత గట్టిగా కొడతాయో, నీళ్లలోంచి బయటికొస్తే ఏమవుతుందో కంప్యూటర్లో ముందుగానే లెక్కకట్టి చెప్పడం. ఎవరూ చంపాలనుకునేంత గొప్ప ఉద్యోగంలా కనిపించదు.

పదకొండింటికి పెద్దాయన కొంగని పిలిచాడు.

పెద్దాయన గూఢచారి విభాగానికి అధిపతి. కొంగ ఆయన దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఏజెంటు. ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్లు. ఒకేచోట గంటలకొద్దీ కదలకుండా నిలబడి చూడగలదు కాబట్టి ఆ పేరు. బయటివాళ్లకి మాత్రం ఆవిడ ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగి.

"క్యాప్సూల్ పరీక్ష రేపే కదా?" అన్నాడు పెద్దాయన.

"రేపు సాయంత్రం నాలుగింటికి. మా తమ్ముడు అందులో ఉన్నాడు సార్."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను. మిగతావాళ్లు ఇవాళ ఇంటికెళ్లి నిద్రపోతారు. నీకు నిద్ర పట్టదు."

జలాంతర్గామి మునిగిపోతే లోపలివాళ్లు తప్పించుకోవడానికి చేసిన క్యాప్సూల్ అది. నలుగురు ఎక్కి కూర్చుంటారు. అరవై మీటర్ల లోతున దాన్ని పట్టి ఉంచిన ఇనప పట్లు వదిలితే బెండులా పైకి తన్నుకొస్తుంది, నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుంది, మళ్లీ నీళ్లమీద పడి తేలుతుంది. ఇప్పటిదాకా ఖాళీదాన్నే రెండుసార్లు వదిలారు. మనుషులతో వదలడం ఇదే మొదటిసారి. నలుగురూ నేవీ డైవర్లు. మూడో సీటు కొంగ తమ్ముడిది.

పెద్దాయన మిగతాది గబగబా చెప్పుకొచ్చాడు. బాబాయి మెడమీదిది దోమకాటు కాదు, విషపు సూది గుర్తు. ఈ క్యాప్సూల్ ఫెయిలయితే తమ క్యాప్సూల్‌ని దేశదేశాల నేవీలకి అంటగట్టాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఈ క్యాప్సూల్ లెక్కల కోసం బాబాయి రాసిన సిమ్యులేషన్ కోడ్‌ని ఎత్తుకుపోవాలని వాళ్లు చూస్తున్నారని ముత్యం ఎప్పుడో కబురు పంపింది. ముత్యం అంటే, ఆ ఆఫీసులో అందరూ రివ్యూ మేడమ్ అని పిలిచే ఆవిడ. బాబాయి లెక్కల్ని బయటినుంచి తనిఖీ చేసి సంతకం పెట్టే నిపుణురాలు. ముఠా ఆవిడ తమ మనిషే అనుకుంటోంది. ఆవిడ మన మనిషి. ముత్యం మాట ఎత్తినప్పుడల్లా పెద్దాయన గొంతులో కాస్త గర్వం వినబడుతుంది.

"కోడ్ దొంగిలించేవాళ్లు కోడ్ రాసినవాణ్ణి ఎందుకు చంపుతారు?" అంది కొంగ.

"అదే నాకూ అర్థం కాలేదు. వాళ్లు తనకేమీ చెప్పలేదంది ముత్యం. పరీక్ష ఆపమని దాన్ని నడిపే నేవీ కమాండర్‌ని అడిగాను. ఒక దోమకాటుని చూసి పరీక్ష ఆపేది లేదన్నాడు. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని ముత్యం సంతకం చేసింది, ఆయన దగ్గర ఆ కాగితం ఉంది. ఆపాలంటే నేనూ ఒక కాగితం చూపించాలట."

"నేను వెళ్తున్నట్టు ముత్యానికి చెప్పారా?"

"ఇంకా లేదు."

"చెప్పకండి."

మధ్యాహ్నం రెండింటికి నీలం ఓవరాల్, చెవులమీదికి టోపీ, చేతిలో నిచ్చెనతో ఏసీ మెకానిక్ ఒకావిడ ఆ ఆఫీసు నాలుగో అంతస్తుకి వచ్చింది. ఏసీ మెకానిక్‌ని ఎవరూ రెండోసారి చూడరు. నిచ్చెనమీద నిలబడితే మాత్రం అందరి బల్లలూ కనిపిస్తాయి.

బాబాయి బల్లమీద కళ్లజోడు తెరిచి పెట్టినట్టే ఉంది. మానిటర్ అంచున పసుప్పచ్చ చీటీ ఒకటి అంటించి ఉంది. దానిమీద ఆయన చేతిరాతలో రెండే మాటలు. "బయటికొచ్చేటప్పుడు ఎలా?"

పక్కబల్ల పాతికేళ్లు దాటిన ఒక ఇంజనీరుది. లెక్కకట్టేముందు నీళ్లని లక్షల గళ్లుగా, చేపలవలలా విడగొడతాడు. అందుకని వలబాబు అంటారు. పొద్దుటినుంచీ ఏడ్చిన కళ్లు. అతని ముందు మేడమ్ సంతకం చేసిన రిపోర్టు తెరిచి ఉంది. పేజీపేజీకీ రంగుల బొమ్మలు, నీళ్ల ఒత్తిడి ఎక్కడెంత ఉందో చూపించేవి. ప్రతి బొమ్మ పక్కనా ఏ రంగు ఏ అంకెకి గుర్తో చెప్పే నిలువు పట్టీ ఉంది. ఫ్యాను గాలికి పేజీలు తిరుగుతుంటే కొంగ లెక్కపెట్టింది. మొత్తం నలభై బొమ్మలు. ముప్ఫై నాలుగింటికి పట్టీ ఉంది. చివరి ఆరింటికి లేదు. ఆ ఆరూ క్యాప్సూల్ నీళ్లు వదిలి పైకెగిరే క్షణానివి.

రివ్యూ గదిలో ఏసీ బాగానే ఉంది. అయినా కొంగ దాన్ని విప్పింది.

మేడమ్ నిజంగానే అందగత్తె. బూడిదరంగు పట్టు స్కార్ఫ్, చెవికి ఒక్కొక్క ముత్యం, గది నిండా పరిమళం. నిచ్చెన పడుతుందేమో జాగ్రత్త అని తనే వచ్చి పట్టుకుంది. మంచినీళ్లు కావాలా అని అడిగింది. బాబాయి లేకపోవడం ఎంత లోటో చెప్పి, కళ్లు తుడుచుకుని, ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లింది. కొంగ చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా ఉంది. మేడమ్ లాప్‌టాప్ స్క్రీన్‌ని అది మూడుసార్లు చూసింది.

ఆ సాయంత్రం కొంగ తమ్ముడికి ఫోన్ చేసింది. లైను ఎవరైనా వింటూ ఉండొచ్చు. చెప్పకూడనిది చెప్పకుండా, జ్వరమని రేపు మానేయలేవా అని అడిగింది. అతను నవ్వాడు. ఏడాదిగా ఈ రోజుకోసమే తిండీ నిద్రా లెక్కచూసుకుంటున్నానన్నాడు. నీకు ప్రతి మనిషీ పాలసీ తీసుకోబోయేవాడిలాగే కనిపిస్తాడన్నాడు. బొడ్డుకోసిన దగ్గర్నుంచీ తను ఎత్తుకు పెంచిన తమ్ముడు. ఫోన్ పెట్టేశాక కొంగ స్క్రూడ్రైవర్ కెమెరాలోని ఫోటోని ప్రింటు తీసింది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకి, ఇంకా ఎవరూ రాకముందు, వలబాబు బల్లమీద కొంగ ఒక ఫోటో పెట్టింది. తను ఎవరో రెండు ముక్కల్లో చెప్పింది. బాబాయిది గుండెపోటు కాదని కూడా చెప్పింది.

ఫోటోలో మేడమ్ స్క్రీన్. క్యాప్సూల్ నీళ్లు వదిలే క్షణం. రిపోర్టులో తెల్లగా ఉన్న చోట, క్యాప్సూల్ అడుగున, ఇక్కడ ముదురు నీలం. పక్కన పట్టీ ఉంది. నీలం ఎదురుగా ఉన్న అంకెకి ముందు మైనస్ గుర్తు. కింద తేదీ. మూడు వారాల క్రితంది.

వలబాబు ముఖం పాలిపోయింది. తర్వాత కోడ్ తెరిచి ఒక వరస చూపించాడు.

అందులో ఉన్నది ఇంతే. ఒత్తిడి సున్నా కంటే తగ్గితే సున్నా చెయ్యి.

"ఇది ముఠా పెట్టిందా?" అంది కొంగ.

"కాదండీ. బాబాయే రాశారు. పదకొండేళ్లయింది. ఈ పని చేసేవాళ్లం అందరం రాస్తాం." అతను మాటలకోసం వెతుక్కున్నాడు. "మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడినే మేం సున్నా అనుకుంటాం. వస్తువు నీళ్లలో పడేటప్పుడు నీళ్లు కొడతాయి, ఒత్తిడి పెరుగుతుంది. అంచుల్లో అక్కడక్కడా మైనస్ అంకెలొస్తాయి. అవి చెత్త. ఉంచితే రన్, అంటే కంప్యూటర్లో నడిచే లెక్క, మధ్యలో పేలిపోతుంది. అందుకని సున్నా చేసేస్తాం. పడేటప్పుడు అది తప్పు కాదు."

"బయటికొచ్చేటప్పుడు?"

అతను లేచి, కొంగ మెకానిక్ వేషంలో ఏసీ కింద పెట్టిన బకెట్ దగ్గరికెళ్లాడు. నిన్నటినుంచి కారిన నీళ్లు సగానికున్నాయి. ఒక డబ్బామూత తీసి నీళ్లమీద బోర్లా ఆనించాడు. "గట్టిగా లాగండి," అన్నాడు. కొంగ లాగింది. నీళ్లు వదల్లేదు. మూతని పట్టుకుని, తామూ కాస్త పైకి లేచి, ఆ తర్వాత చప్పుడు చేస్తూ వదిలాయి.

"ఆ లాగడమే మైనస్. మా లెక్కలో అది లేదు. సున్నా చేసేశాం."

క్యాప్సూల్‌లోకి మనుషులు ఎక్కే హాచ్, గుండ్రటి ఇనప మూత, అడుగున ఉంది. లోతులో ఉన్నంతసేపూ సముద్రమే దాన్ని బయటినుంచి లోపలికి నొక్కి పెడుతుంది. అందుకని ఆరు చిన్న గొళ్లాలతో సరిపెట్టారు. నీళ్లు వదిలే క్షణంలో అదే హాచ్‌ని నీళ్లు బయటికి లాగుతాయి. అది ఊడిపోయాక క్యాప్సూల్ తెరిచిన అడుగుతో మళ్లీ నీళ్లలో పడుతుంది. ఖాళీదాన్ని వదిలినప్పుడు హాచ్ బదులు కొలతల పెట్టె బిగించిన ఇనప పలక ఉంది కాబట్టి ఏమీ బయటపడలేదు.

"బాబాయి తన తప్పు తెలుసుకున్నారు," అంది కొంగ. "ఎవరికి చెప్పి ఉంటారు?"

"ఏ మార్పయినా ముందు రివ్యూకే చెప్పాలి. అదే మా రూలు," అన్నాడు వలబాబు. అన్నాక తనన్నదేమిటో తనకే అర్థమై కూర్చుండిపోయాడు.

ముఠా లెక్కని పాడుచేయలేదు. బాగుచేయబోయిన మనిషిని తీసేసింది, అంతే.

కొంగ పెద్దాయనకి ఫోన్‌లో చెప్పింది. ముత్యమా అని రెండుసార్లు అడిగాడాయన. ఫోటో ఒక్కటీ చాలదన్నాడు. అది ముత్యం దొంగతనాన్ని చూపిస్తుందేగానీ హాచ్ ఊడుతుందని చూపించదు. అంకె కావాలి. వలబాబు ఆ వరస తీసేసి రన్ మొదలుపెట్టాడు. మొదటి రన్ పది నిమిషాల్లో పేలింది. టైమ్ స్టెప్‌ని పదోవంతుకి తగ్గించి, లెక్క చిన్నచిన్న అడుగులుగా సాగేలా చేశాడు. క్యాప్సూల్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి పుచ్చకాయ ముక్కలా ఒక్క చెక్క కోసి లెక్కిస్తే చాలన్నాడు. అయినా ఆరు గంటలు పడుతుంది. తొమ్మిదింటికి మొదలైంది. పరీక్ష నాలుగింటికి.

ఒకటింబావుకి క్లస్టర్ హాల్లో ఏసీ ఆగిపోయింది.

రెండు వందల కంప్యూటర్ల వేడి ఒక్కసారిగా గదిలోకి కమ్ముకుంది. నలభై అయిదు డిగ్రీలు దాటితే మిషన్లు వాటంతటవే ఆగిపోతాయి. ఎవరికి తెలిసిందని అడిగింది కొంగ. వలబాబు బిక్కమొహం పెట్టాడు. నడుస్తున్న రన్‌ల జాబితా మేడమ్‌కి ఎక్కడినుంచైనా కనిపిస్తుంది. అందులో అతను ఈ రన్ పేరు "బయటికి, సున్నా చేయకుండా" అని పెట్టాడు.

"దాని పేరు అలాగే పెట్టాలా?"

"అలా పెట్టకపోతే తర్వాత వెతుక్కోలేమండీ."

కొంగ మెట్లెక్కి డాబామీదికి పరిగెత్తింది. కంప్రెసర్ దగ్గర తనలాంటి నీలం ఓవరాలే వేసుకున్న మనిషి, తెగిన వైరు చేతిలో పట్టుకుని. ఎవరికీ గుర్తుండని ముఖం. అతని రెండో చేతిలో పెన్ను లాంటిది మెరిసింది. కొంగ స్క్రూడ్రైవర్‌తో మణికట్టుమీద కొట్టింది, ఇద్దరూ కలిసి పడ్డారు, పెన్ను మొన అతని తొడలోనే దిగింది. మెడలో కాదు, తొడలో కాబట్టి ప్రాణం పోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను ఆకాశంకేసి చూస్తూ ఉన్నాడు. అతని పక్కనే గొంతుక్కూర్చుని కొంగ వైర్లు తొక్కతీసి మెలిపెట్టింది. ఆవిడ నేర్చుకున్న ఏసీ కోర్సు రెండు రోజులదే. అయినా వైర్లు కలిశాయి. కంప్రెసర్ మూలిగి తిరిగింది. హాల్లో థర్మామీటర్ నలభై నాలుగు దగ్గర ఆగింది.

మూడూ పదికి అంకె వచ్చింది. గొళ్లాలు ఆరూ కలిసి ఓర్చుకోగలిగేది ఎనిమిది వందల కిలోలు. నీళ్లు లాగేది రెండున్నర టన్నులు.

పెద్దాయన ఆ కాగితాన్ని కమాండర్‌కి పంపించి ఫోన్ చేశాడు. కమాండర్ అది పక్కనే ఉన్న మేడమ్‌కి చూపించాడు. మైనస్ అంకెలంటే లెక్కలో వచ్చే చెత్తేనని, ఈ వృత్తిలో చిన్నపిల్లలకైనా తెలుసని ఆవిడ చెప్పింది. అది సగం నిజం కూడా. కమాండర్ ఫోన్ పెట్టేశాడు.

కొంగ మోటార్‌సైకిల్ తీసింది.

మూడూ యాభై ఏడుకి ఒడ్డున ఎక్కిన పడవలోంచి, పరీక్షని నడిపే కంట్రోల్ లాంచీలోకి దూకింది. లోపల కమాండర్, నీటి అడుక్కి మాట్లాడే ఫోన్ దగ్గర చెవులకి హెడ్‌సెట్ పెట్టుకున్న ఆపరేటర్, మేడమ్. గోడమీద అంకెలు దిగుతున్నాయి. సున్నా కాగానే పట్లు వాటంతటవే వదిలేస్తాయి. లోపలివాళ్లు ఎర్ర హ్యాండిల్ లాగితేనే ఆగుతుంది. ఎందుకు లాగావని ఏ డైవర్‌నీ ఎవరూ అడగకూడదన్నది వాళ్ల నియమం.

కొంగ ఫోటోని కమాండర్ ముందు పెట్టింది. "ఇది ఈవిడ సొంత లెక్క. మూడు వారాల నాటిది. మీకిచ్చిన రిపోర్టులో పట్టీ కత్తిరించింది."

కమాండర్ ఫోటో వంక, మేడమ్ వంక చూశాడు.

"ఏసీ రిపేరు చేసే అమ్మాయి కదూ?" అంది మేడమ్ మెత్తగా. "కూర్చో అమ్మా. సార్, దీని రిజల్యూషన్ ఎంతో అడగండి. ఎన్ని గళ్ల మెష్‌మీద చేసిందో అడగండి. నేను ఒక్కొక్కటే వివరంగా చెప్తాను."

కమాండర్ నిజంగానే అడగడం మొదలుపెట్టాడు. మేడమ్ తొందరపడకుండా, చక్కగా, ఒక్కో మాటా విడమరిచి చెబుతోంది. కొంగకి అప్పుడు అర్థమైంది. ఆవిడ ఈ వాదన గెలవనక్కర్లేదు. ఇంకొక్క ఇరవై సెకన్లు మాట్లాడితే చాలు.

కొంగ ఆపరేటర్ తలమీంచి హెడ్‌సెట్ లాగేసుకుంది. పదకొండేళ్లు దాచుకున్నది పోతుందని తెలుసు.

"తమ్ముడూ, నేను, అక్కని. ఎర్ర హ్యాండిల్ లాగు. ఎందుకని అడక్కు."

అరవై మీటర్ల కింద ఎవరో ఊపిరి పీల్చిన శబ్దం. అయిదు. నాలుగు. మూడు.

రెండు దగ్గర పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది. పట్లు బిగుసుకున్నాయి.

"లాగాను," అంది తమ్ముడి గొంతు. "ఇప్పుడు అడగొచ్చా?"

క్యాప్సూల్‌ని పైకి తెచ్చి నలుగుర్నీ దించేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా పెద్దాయన ఇద్దరు మనుషులతో వచ్చాడు. ముత్యం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆవిడే మాట్లాడింది.

"మీకు నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆరు పట్టీలు కత్తిరించాను, అంతే."

"బాబాయి?" అంది కొంగ.

"మంగళవారం నా దగ్గరికొచ్చి తప్పు తనదేనని ఏడ్చారు. ఆ సంగతి వాళ్లకి చెప్పాను. మిగతాది నేను అడగలేదు." సంకెళ్లు వేసిన చేతుల్ని ఒళ్లో పెట్టుకుంది. "ఖాళీగా ఒకసారి వదలండి. చూడాలని ఉంది. నా లెక్క ప్రకారం క్యాప్సూల్ ముక్కు నీళ్లపైకి వచ్చిన పాయింట్ నాలుగు సెకన్లకి హాచ్ ఊడాలి."

కమాండర్ వదలమన్నాడు. ఆవిడకోసం కాదు, తనకోసం. మనుషుల బరువుకి సరిపడా ఇసకబస్తాలు నాలుగు సీట్లలోనూ కట్టి క్యాప్సూల్‌ని దించారు. ఇంకా ఎండ ఉంది. నీళ్లు నున్నగా ఉన్నాయి. పట్లు వదిలిన పది సెకన్ల తర్వాత నీళ్లు గుమ్మటంలా ఉబ్బి, చిట్లి, అందులోంచి పసుప్పచ్చ క్యాప్సూల్ నిలువుగా లేచింది. దాని అడుగున తెల్లటి నీటిస్తంభం వేలాడింది. ఆ స్తంభంలోంచి గుండ్రటి ఇనప మూత ఒకటి గాల్లో తిరుగుతూ పక్కకి పడింది. క్యాప్సూల్ తిరిగి నీళ్లని కొట్టింది, ఒకపక్కకి ఒరిగింది, లోపలి గాలి గుడగుడమని వెళ్లిపోయింది. మునగడానికి ముప్ఫై అయిదు సెకన్లు.

నలుగురు డైవర్లూ రెయిలింగ్ పట్టుకుని చూస్తున్నారు. మూడో సీటు బస్తా చీలిందేమో, బుడగలతోపాటు ఇసక మరక పైకొచ్చి మెల్లగా పరుచుకుంది.

"ఎంత?" అని అడిగింది మేడమ్.

ఆపరేటర్ కెమెరా చూసి చెప్పాడు. "పాయింట్ నాలుగు రెండు."

ఆవిడ తలాడించింది. లెక్క సరిపోయినవాళ్లు ఎలా తలాడిస్తారో అలా. పెద్దాయన మనుషులు ఆవిడని తీసుకెళ్లిపోయారు.

వలబాబుకి కొంగ ఫోన్ చేసింది. అతను అంతా విని, రిపోర్టులో బాబాయి పేరు తప్పు చేసినవాడిగా రాస్తారా అని ఒక్కటే అడిగాడు. తప్పు పట్టుకున్నవాడిగా రాస్తామంది.

తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. జుట్టింకా తడిగానే ఉంది. పెద్దాయన కాస్త ఎడంగా నిలబడి సముద్రాన్ని చూస్తున్నాడు, ఒక్కరోజులో పదేళ్లు మీదపడినట్టు.

"సరే. నాకు తెలిసిపోయింది," అన్నాడు తమ్ముడు. "అమ్మకేం చెప్తావు?"

"అమ్మకి పదకొండేళ్లుగా తెలుసు. నీ నోట ఏదీ దాగదని, నీకు మాత్రం చెప్పొద్దంది."

పెద్దాయన ఇటు తిరిగాడు. పదకొండేళ్లు ఒక్క మాట పొక్కనివ్వని మనిషి గురించి కాసేపు ఆలోచించాడు.

"అమ్మగారి వయసెంత?" అన్నాడు.

"డెబ్బై ఒకటి సార్."

"అయ్యో," అన్నాడు పెద్దాయన, నిజంగానే బాధపడుతూ. "అరవై దాటితే ఉద్యోగంలోకి తీసుకోనివ్వరు."